దేశం కాని దేశంలో పుట్టినరోజు: ముందు ఇంటి గంట చూసుకోండి

మా ఊరు నకిరేకల్ దగ్గర. డాలస్ వచ్చి పదకొండేళ్లు దాటింది. ఇక్కడ నా మొదటి పుట్టినరోజు సెప్టెంబర్‌లో వచ్చింది, అప్పుడు చదువుకుంటున్నాను. రాత్రి పన్నెండుకు రూమ్మేట్లు కేక్ కోయించారు, ఫొటోలు అయ్యేసరికి ఒంటిగంట దాటింది, అలసిపోయి ఫోన్ సైలెంట్‌లో పెట్టి పడుకున్నాను. అమ్మ ఆ పొద్దున్నే చెరువుగట్టు గుడికి పోయి నా పేరు మీద అర్చన చేయించి, ఇంటికొచ్చి ఫోన్ చేసింది. అప్పుడు నాకు రాత్రి రెండున్నర. ఎత్తలేదు. పొద్దున లేస్తే క్లాసు, తర్వాత క్యాంపస్‌లో పని, నేను తిరిగి ఫోన్ చేసేసరికి రాత్రి తొమ్మిది, అంటే ఇంట్లో మర్నాడు పొద్దున ఏడున్నర. "నిన్ననే అయిపోయింది గదా బిడ్డా" అంది అమ్మ. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. చెరువుగట్టు కుంకుమ పొట్లం విప్పకుండా దేవుడి గూట్లోనే పెట్టిందట, నేను ఫోన్ ఎత్తితే విప్పుదామని.

అప్పటి నుంచి నా పుట్టినరోజైనా, మా ఆయనదైనా, పాపదైనా ఒకటే పద్ధతి పెట్టుకున్నాను. ముందు ఇంటివాళ్లతో గంట ఖాయం చేయాలి, ఆ తర్వాతే కేకూ, పిలుపులూ, వంటా. ఈ వరస తప్పితే ఎంత ఖర్చు పెట్టినా ఆ రోజు ఏదో మిగిలిపోయినట్టే ఉంటుంది. కొత్తగా వచ్చినవాళ్లకు పనికొస్తుందని, నేను చేసే క్రమంలోనే రాస్తున్నాను.

మొదటి పని: గంట ఖాయం చేయడం

మన టైముకూ మీరున్న చోటికీ ఎంత తేడానో కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. డాలస్, హ్యూస్టన్, చికాగోలకు ఎండాకాలంలో పదిన్నర గంటలు, చలికాలంలో పదకొండున్నర గంటలు మనకంటే వెనక. న్యూజెర్సీ, అట్లాంటాలకు అందులో ఒక గంట తక్కువ, కాలిఫోర్నియాకు రెండు గంటలు ఎక్కువ. లండన్‌కు నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర. దుబాయ్‌కు ఏడాది పొడుగునా గంటన్నర. సౌదీ, కువైట్, ఖతార్‌లకు రెండున్నర. సిడ్నీ వాళ్లు మనకంటే ముందుంటారు: నాలుగున్నర, అక్కడి ఎండాకాలంలో ఐదున్నర.

గడియారం మారే రోజుల దగ్గర పుట్టినరోజు ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబర్ మొదటి ఆదివారం మారుతుంది. బ్రిటన్‌లో మార్చి, అక్టోబర్ నెలల చివరి ఆదివారాలు. మా పాపది నవంబర్ రెండో వారం. రెండేళ్ల కింద శనివారం పొద్దున పదకొండుకు కేక్ కోద్దామనుకుని, మీకు రాత్రి తొమ్మిదిన్నర అవుతుందని నెల ముందే నాయనకు చెప్పాను. మధ్యలో గడియారం మారిన సంగతి మళ్లీ చెప్పడం మర్చిపోయాను. అసలు టైము పదిన్నర. నాయన తొమ్మిదింటికే తెల్ల చొక్కా వేసుకుని కూర్చుని, గంటన్నర చూసి, మేం ఫోన్ చేసేసరికి కుర్చీలోనే నిద్రపోయాడు. లేపొద్దమ్మా అన్నాను, అమ్మ లేపింది.

అమెరికాలో ఉన్నవాళ్లకు నా లెక్కలో మంచి టైము పొద్దునే. ఇక్కడ ఏడైతే అక్కడ సాయంత్రం ఐదున్నర లేదా ఆరున్నర. పొలం పనులు, కొట్టు పనులు అయిపోయి అందరూ ఇంటి పట్టున ఉంటారు, ఇక్కడ బడికీ ఆఫీసుకూ ఇంకా టైముంటుంది. శని, ఆదివారాలైతే ఎనిమిది, తొమ్మిది. అర్ధరాత్రి కేక్ కోయాలనుకుంటే కోసుకోండి, స్నేహితుల ముచ్చట కాదనను, కానీ ఇంటివాళ్లకు మాత్రం వేరే గంట ఉంచండి.

తేదీయా, తిథియా

పెద్దవాళ్లు తిథి ప్రకారం చేయమంటారు, మనం తేదీ ప్రకారం చేసుకుంటాం. నేను రెండూ ఉంచాను. తిథి నాడు తలస్నానం, దీపం, గుడి. తేదీ నాడు కేక్. తిథి ఏటా పదకొండు రోజుల వరకు ముందే వచ్చేస్తుంది, అధికమాసం వచ్చిన ఏడు మళ్లీ వెనక్కి సర్దుకుంటుంది. పందొమ్మిదేళ్లకోసారి తిథీ తేదీ ఇంచుమించు ఒకే చోటికి వస్తాయి కాబట్టి పందొమ్మిదో ఏడు, ముప్పై ఎనిమిదో ఏడు రెండూ పక్కపక్కనే వస్తే ఆశ్చర్యపోకండి. 2026లో మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం, ఆ నెలలో తిథి పడేవాళ్లను మా అయ్యగారు నిజ జ్యేష్ఠంలోనే చేసుకోమన్నారు.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. ఊళ్లో క్యాలెండర్ చూసి మంగళవారం అని చెప్తే ఇక్కడా మంగళవారమే చేస్తారు. తిథి మొదలయ్యేది, అయిపోయేది ప్రపంచమంతా ఒకే క్షణంలో, సూర్యోదయం మాత్రం ఎక్కడిది అక్కడే. మన టైము ప్రకారం తిథి సోమవారం మధ్యాహ్నం రెండింటికి మొదలై మంగళవారం ఒంటిగంటకు అయిపోతుందనుకోండి. నల్లగొండలో మంగళవారం పొద్దున సూర్యోదయానికి ఆ తిథి ఉంది, కాబట్టి అక్కడ మంగళవారం. డాలస్‌లో సోమవారం తెల్లవారేసరికి ఊళ్లో సోమవారం సాయంత్రం, అప్పటికే తిథి వచ్చేసింది. మంగళవారం ఇక్కడ తెల్లవారేసరికి వెళ్లిపోయి ఉంటుంది. అందుకని ఇక్కడ సోమవారమే. డ్రిక్ పంచాంగ్ వెబ్‌సైట్‌లో ఇప్పుడు మీరున్న ఊరి పేరు పెట్టి చూస్తే తేలిపోతుంది.

పిలవడం

ఊళ్లో పుట్టినరోజని తెలిస్తే పక్కింటి అత్తమ్మ పిలవకుండానే వస్తుంది. ఇక్కడ పిలవందే ఎవరూ రారు, వాళ్లకు ప్రేమ లేక కాదు, మన ఇంట్లో ఏం జరుగుతుందో వాళ్లకు తెలిసే దారి లేదు. వాట్సాప్ గ్రూపులో "అందరూ రండి" అని పెడితే ఎవరికి వాళ్లు అది పక్కవాళ్లకు అనుకుంటారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేయండి. మూడు వారాల ముందు చేస్తే మంచిది, శనివారాలు ఇక్కడ తొందరగా నిండిపోతాయి. ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి ముగింపు, రెండూ చెప్పాలి. ముగింపు టైము చెప్పడం మనకు మర్యాద కానట్టు అనిపిస్తుంది, పొమ్మన్నట్టు ఉంటుంది. కానీ ఇక్కడి పిల్లల పార్టీలకు తల్లిదండ్రులు అది చూసే ప్లాన్ చేసుకుంటారు, రెండు గంటలు మామూలు. ఎవరు ఏం తినరో, పల్లీలూ జీడిపప్పూ పడని పిల్లలున్నారేమో అప్పుడే అడిగి రాసుకోండి.

కొత్తగా వచ్చి ఎవరూ తెలియనివాళ్లకు ఒక మాట. మీ పుట్టినరోజు ఫలానా రోజని క్లాసులో ఒక్కరికైనా, పనిలో ఒక్కరికైనా వారం ముందు చెప్పండి. అడిగి చేయించుకున్నట్టు ఉంటుందని సిగ్గుపడి, ఆ రోజంతా గదిలో ఒక్కళ్లే కూర్చున్న పిల్లలను నేను చూశాను. ఇద్దరిని పిలిచి అన్నం వండిపెట్టండి, చాలు. దగ్గర్లో గుడి ఉంటే పోయి రండి. మా వైపు ఫ్రిస్కోలో కార్యసిద్ధి హనుమాన్ గుడి ఉంది, దుబాయ్‌లో ఉన్నవాళ్లకు జెబెల్ అలీలో 2022లో గుడి తెరిచారు.

ఇంటి పద్ధతి, ఫోన్‌లో

ఇది నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. ముందు రోజు రాత్రే ఫోన్ ఎక్కడ నిలబెట్టాలో చూసుకోవాలి. చేత్తో పట్టుకుంటే చేతులు ఖాళీ ఉండవు, ఇంట్లోవాళ్లకు మీ గడ్డమూ పైకప్పూ తప్ప ఏమీ కనపడవు. నేను కిచెన్ కౌంటర్ మీద బియ్యం డబ్బాకు ఆనించి పెడతాను, అడ్డంగా, కిటికీ వెలుతురు నా ముఖం మీద పడేటట్టు. ఊళ్లో అయితే తమ్ముడు టీవీ పక్కన స్టూలు వేసి పెడతాడు. పెద్దవాళ్లు ఒక్కళ్లే ఉంటే పక్కింటి పిల్లవాణ్ని ఐదు నిమిషాలు రమ్మని చెప్పండి, ఫోన్ నిలబెట్టడానికి.

తలకు నూనె, స్నానం, కొత్త బట్టలు అయిపోయాక ఫోన్ కలుపుతాం. దీపం వెలిగించేది ఇక్కడ నేను, మంత్రమో పాటో చదివేది అక్కడ అమ్మ. పాపను పీట మీద తూర్పు ముఖంగా కూర్చోబెట్టి నేను బొట్టు పెడుతుంటే, అదే క్షణాన అమ్మ కుంకుమ వేలితో తన ఫోన్ అద్దం మీద పాప నుదురు ఎక్కడుందో వెతికి పెడుతుంది. ఆ చుక్కతో మాకు తెర మీద ఏమీ మారదు. కానీ అమ్మ వేలు దగ్గరగా వచ్చి తెరంతా ఎర్రగా నిండిపోతుంది, పాప కళ్లు మూసుకుంటుంది, నిజంగా పెట్టించుకున్నట్టే. తర్వాత అక్షింతలు, హారతి, అందరి ఆశీర్వాదాలు, నోట్లో తీపి. మొత్తం పావుగంట. పెద్దవాళ్లు మాట్లాడేటప్పుడు మధ్యలో ఇంకో కాల్ ఎత్తకండి.

అక్షింతల గురించి ఒక సంగతి. అమ్మ ఒకసారి చెరువుగట్టు అక్షింతలు పొట్లం కట్టి మా బంధువుల చేత పంపింది. ఎయిర్‌పోర్టులో తీసేశారు. మన దేశం నుంచి మనుషులు సామానులో తెచ్చే బియ్యాన్ని అమెరికా రానివ్వదు, ఖాప్రా అనే పురుగు వస్తుందని. కుంకుమ, పసుపు వస్తాయి, బియ్యం రాదు. అందుకని ఇక్కడి బియ్యంలో ఊరి పసుపు కలిపి అక్షింతలు చేసుకుంటాను. చికెన్ పచ్చడి, మటన్ పచ్చడి కూడా అంతే, తేవొద్దు. యూరప్, బ్రిటన్‌లకైతే పాలతో చేసిన స్వీట్లు కూడా కుదరవు. సకినాలు, మురుకులు తెప్పించుకోవచ్చు, అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాలి.

వంట

ఇరవై మంది దాకా ఇంట్లోనే వండొచ్చు, అంతకు మించితే ట్రేలు ఆర్డర్ చేయండి, పుట్టినరోజు పూట పొయ్యి దగ్గరే గడిపే అవసరం లేదు. మావైపు పుట్టినరోజంటే బగారా అన్నం, కోడికూర. ఇరవై మందికి రెండుంబావు కిలోల బాస్మతి, ఐదు కిలోల చికెన్ సరిపోతాయి, పిల్లలు ఎక్కువుంటే ఇంకా తగ్గించొచ్చు. ఇక్కడి కరెంటు పొయ్యి మీద పెద్ద గిన్నె అంచులకు వేడి అందదు, మధ్యలో మాడి పక్కన పలుకుగా ఉంటుంది. రెండు గిన్నెల్లో విడివిడిగా వండండి. నూనెలో షాజీరా, లవంగాలు, చెక్క, యాలకులు, బిర్యానీ ఆకు, తర్వాత ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, అల్లం వెల్లుల్లి, చివర పిడికెడు పుదీనా, కొత్తిమీర. బియ్యం అరగంట నానితే గ్లాసుకు గ్లాసున్నర నీళ్లు. కారం, టమాటా వేయకండి, అవి వేస్తే అది బగారా కాదు. వండినది అల్యూమినియం ట్రేలోకి తీసి, పైన రేకు కప్పి, ఓవెన్‌లో 200 డిగ్రీల ఫారెన్‌హీట్ మీద పెడితే గంట దాకా వేడి పోదు. మాంసం తిననివాళ్లకు గుత్తివంకాయ. తీపికి సేమియా. భక్షాలు చేసే ఓపిక ఉంటే ముందు రోజు చేసి పెట్టుకోండి.

కేక్ గుడ్డు లేనిది కావాలంటే మన వాళ్ల బేకరీలో రెండు రోజుల ముందు చెప్పాలి. గుడ్డు పర్వాలేదనుకుంటే కాస్ట్‌కో అనే పెద్ద దుకాణంలో దొరికే హాఫ్ షీట్ కేక్ 48 మందికి వస్తుంది.

పక్కింటివాళ్లు, పొగ, బండి

అపార్ట్‌మెంట్లలో రాత్రి పది తర్వాత చప్పుడు చేయొద్దని చాలాచోట్ల నియమం, జర్మనీలోనూ అంతే. పన్నెండుకు కేక్ కోసి అరిస్తే పక్కవాళ్లు పోలీసులకు ఫోన్ చేస్తారు. పిలుపులప్పుడే పక్కింటికి కూడా ఒక మాట చెప్పి, మర్నాడు కేక్ ముక్క ఇచ్చి రండి. పొగ అలారం పోపుకే మోగుతుంది, అగరుబత్తీలు గుత్తిగా వెలిగించకండి. యూనివర్సిటీ హాస్టళ్లలో అసలు కొవ్వొత్తే వెలిగించనివ్వరు చాలాచోట్ల, అక్కడ బ్యాటరీ దీపం పెట్టుకోవాలి.

స్నో స్ప్రే గురించి గట్టిగా చెప్తాను. కొవ్వొత్తి వెలుగుతుండగా ముఖం మీద కొడితే మంట అంటుకుంటుంది. కొవ్వొత్తులు ఆర్పి పక్కన పెట్టేదాకా ఆ డబ్బా బయటికి తీయనివ్వకండి. బర్త్‌డే బంప్స్ అని వీపు మీద, నడుం మీద తన్నడం కూడా మానేయండి. ఇక్కడ ఒక్కసారి ఎమర్జెన్సీకి పోతే ఆ బిల్లు చదువుకునే పిల్లలు ఎన్ని నెలలు కడతారో తెలుసా? తాగినవాళ్లు బండి తాళం ఇంకొకరికి ఇవ్వాలి. తాగి నడిపి అరెస్టయితే వీసా కూడా రద్దు కావచ్చు, ఊళ్లో అప్పు తెచ్చి పంపిన తల్లిదండ్రుల మొహం గుర్తు చేసుకోండి. సౌదీ, కువైట్‌లలో మందు నిషేధం, అక్కడ ఆ ఆలోచనే వద్దు.

బడి, ఆఫీసు

పిల్లల బడికి ఏదైనా పంపే ముందు టీచర్‌ను అడగండి. చాలా బడుల్లో ఇంట్లో వండినవి తీసుకోరు, కొన్నవే, పైన దినుసుల లేబుల్ ఉన్నవే తీసుకుంటారు. మేం పెన్సిళ్లు పంపుతాం. ఆఫీసు పద్ధతి దేశాన్ని బట్టి ఉంటుంది. జర్మనీలో పుట్టినరోజువాళ్లే కేక్ తెచ్చి పెట్టాలి, ముందు రోజే శుభాకాంక్షలు చెప్తే మంచిది కాదంటారు. అమెరికాలో హోటల్‌కు పోతే ఎక్కువగా స్నేహితులే మన బిల్లు కడతారు. మనం "నేనే ఇస్తా" అని పట్టుబడితే వాళ్లు ఇబ్బంది పడతారు.

పుట్టినరోజు ఊళ్లో, మీరు ఇక్కడ

మా చిన్నాయన కొడుకు దుబాయ్‌లో ఉంటాడు, వాళ్లావిడా కొడుకూ కల్వకుర్తిలో. ఇలాంటివాళ్లు పాలమూరు, నల్లగొండల్లో ఎంతమందో. వాళ్లకు టైము తేడా తక్కువే, దుబాయ్‌లో సాయంత్రం ఆరైతే ఊళ్లో ఏడున్నర, పిల్లలు మేలుకునే ఉంటారు. దుబాయ్‌లో వాట్సాప్‌లో మెసేజ్ పోతుంది గానీ కాల్ పోదు, చాలామంది బోటిమ్ అనే యాప్ వాడతారు. ఊళ్లో ఫోన్‌లో అది ముందే వేయించి ఒకసారి మాట్లాడి చూసుకోండి, కేక్ ముందు పెట్టుకుని అప్పుడు డౌన్‌లోడ్ చేస్తుంటే పిల్లవాడు ఏడుస్తాడు.

కేక్‌కు పెద్ద ఆన్‌లైన్ కంపెనీల కంటే ఊరి బేకరీయే నయం. నేరుగా ఫోన్ చేసి పేరు ఎట్లా రాయాలో అక్షరం అక్షరం చెప్పండి, మెసేజ్‌లో కూడా పంపండి. 2023 నుంచి అమెరికా, యూఏఈ, సౌదీ, ఖతార్, బ్రిటన్ లాంటి కొన్ని దేశాల నంబర్లతో ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాల (బయట దేశాల్లో ఉండే మనవాళ్లకు ఇండియా బ్యాంకులిచ్చే ఖాతాలు) మీద యూపీఐ వాడుకునే వీలు వచ్చింది. మీ బ్యాంకులో ఉందో లేదో అడిగి తెలుసుకోండి, ఉంటే కేక్ డబ్బులు మీరే కట్టొచ్చు.

దుబాయ్‌లో ఉన్న ఈ తమ్ముడే ఇంకో పని చేస్తాడు, అది నాకు చాలా నచ్చింది. ప్రతి ఏడూ కొడుకు పుట్టినరోజుకు వాడు పుట్టిన రాత్రి సంగతి ఐదు నిమిషాలు వాయిస్ మెసేజ్‌గా చెప్పి పంపుతాడు. ఆసుపత్రికి ఏ ఆటోలో పోయిందీ, వాన పడుతుంటే ఎవరు గొడుగు పట్టిందీ, మొదట ఎవరు ఎత్తుకున్నదీ. ఏటా అదే కథ, కొత్తగా ఒకటో రెండో గుర్తొచ్చినవి కలుపుతాడు. పిల్లవాడు దాన్ని పడుకునే ముందు మళ్లీ మళ్లీ పెట్టించుకుంటాడట. సామాను పెట్టె పంపినా పంపకపోయినా ఇది పంపండి.

అమ్మానాయనల పుట్టినరోజు

మన పెద్దవాళ్లలో చాలామందికి కాగితం మీద ఉన్న తేదీ అసలుది కాదు. మా నాయనకు బడిలో సారు జూలై 1 అని రాసుకున్నారు. ఆ రోజు ఫోన్ చేసి శుభాకాంక్షలు చెప్తే ఆయన "ఊఁ" అంటాడంతే. అసలుది కనుక్కోవాలంటే తేదీ అడగకండి, ఏ పండుగ దగ్గర, ఏ పని నడుస్తున్నప్పుడు అని అడగండి, అదీ వాళ్లకంటే పెద్దవాళ్లను, ఉండగానే. మా అమ్మమ్మది మిర్యాలగూడ దగ్గర ఊరు. అమ్మ ఎప్పుడు పుట్టిందని అడిగితే, సాగర్ కాలువలకు మొదటిసారి నీళ్లు వదిలిన ఏడు, బతుకమ్మ పండుగ ఇంక మూడు రోజులుందనగా అంది. కాలువలకు నీళ్లు వదిలింది 1967లో. బతుకమ్మ మొదలయ్యేది భాద్రపద అమావాస్య నాడు, అంటే అమ్మది భాద్రపద బహుళ ద్వాదశి దగ్గర. అయ్యగారు పాత పంచాంగం చూసి తిథి ఖాయం చేశారు. తన తిథి తెలియగానే అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఇప్పుడు ఆ తిథి నాడు వాళ్లిద్దరినీ గుడికి పంపుతాను, ఆటోకు ముందే చెప్పి పెడతాను, బడి పిల్లలకు ఒక పూట భోజనం పెట్టిస్తాను, వంటకు ఊళ్లోవాళ్లకే డబ్బు పంపి. చీర కూడా గద్వాలదో పోచంపల్లిదో అక్కడే కొనిపిస్తాను, ఇక్కడి నుంచి ఏదీ పంపను.

అమ్మ పుట్టిన సంవత్సరం ప్లవంగ. అరవై ఏళ్లకు అదే పేరు మళ్లీ తిరిగొస్తుంది, 2027 ఉగాదికి వచ్చేది అదే. ఆ భాద్రపదానికి ఫోన్‌లో కాదు, మనిషినే పోవాలి. పాప బడి సెలవులు అప్పుడు ఉండవు, టీచర్‌కు ముందే చెప్పుకోవాలి. లీవు సంగతి మేనేజర్‌కు ఇప్పటికే చెప్పాను, షష్టిపూర్తికి ముహూర్తం పెట్టమని అయ్యగారికి నాయన చేత చెప్పించాను.